జడలో పూలు - కుండీలో వేళ్ళు

తెర మీద కథానాయిక అలా వెనక్కి తిరుగుతుంది. జడ నిండా మల్లెలు. థియేటర్లో ఆడవాళ్ళంతా ఒక్కసారి 'అబ్బ' అంటారు. ఆ పూలు అక్కడ గుచ్చిన చెయ్యి ఎవరిదో ఎవరికీ పట్టదు. మా పేర్లు టైటిల్సులో పడేసరికి జనం ఇంకా పాప్‌కార్న్ పట్టుకుని సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. ఆ చెయ్యి నాలాంటి హెయిర్ డ్రెస్సరుది.

సినిమా పత్రికలో పూలమొక్కల గొడవేమిటని తిప్పెయ్యకండి పేజీని! తెలుగు సినిమా పూలకు పడ్డ బాకీ అంతా ఇంతా కాదు. 'పూలరంగడు' (1967) మొదలుకుని 'మల్లెపూవు' (1978), 'ముద్దమందారం' (1981) దాకా పూలు పోస్టర్ల మీదికి ఎక్కాయి. ఇహ రాఘవేంద్రరావు గారి పాటల్లో కురిసిన పూలు లెక్కపెట్టాలంటే ఓ గుమాస్తా కావాలి. అసలు పూలకి సినిమాల్లో గిరాకీ పెరిగింది రంగులొచ్చాకే. 1963లో 'లవకుశ' పూర్తి రంగుల్లో వచ్చేదాకా మన పెద్దవాళ్ళు నలుపు తెలుపుల్లోనే నెట్టుకొచ్చారు కదా. ఆ ఫిల్ము మీద ఎర్ర గులాబీ, దాని పచ్చటి ఆకూ కూడా దాదాపు ఒకే బూడిద రంగులో పడతాయి. అంచేత తెల్లపూలకే పెద్దపీట. నల్లజడ మీద తెల్లమల్లె - అంతకు మించిన కాంట్రాస్టు ఏ కెమెరామన్‌కి కావాలి?

రంగులొచ్చాక కనకాంబరానికి అదృష్టం పట్టింది. వాసన లేకపోతేనేం, మనిషి గట్టిది. లైట్ల వేడికి మల్లె మూడు గంటల్లో ముఖం వేలాడేస్తే, కనకాంబరం మర్నాడు షాటుకి కూడా 'రెడీ' అంటుంది. మల్లెతో ఇంకో చిక్కుంది. పొద్దున్న మొగ్గల దండ పెట్టి క్లోజప్ తీస్తాం. సాయంత్రం అదే సీనుకి వైడ్ షాటు. ఈలోగా మొగ్గలన్నీ విచ్చుకుని కూచుంటాయి! కంటిన్యూటీ చూసే కుర్రాడు నెత్తి బాదుకుంటాడు. అందుకే చాలాచోట్ల గుడ్డపూలే వాడతారు. చెప్పకూడదు గానీ మీరు 'అబ్బ' అన్న పూలలో సగం అవే.

పగలంతా గుడ్డపూలతో కుస్తీ పట్టే మనిషికి ఇంటికొచ్చాక నిజం పూలు కావాలనిపించదూ? యూసఫ్‌గూడ వైపు అద్దె ఇంట్లో, ముందరి జాగాలో తొమ్మిదేళ్ళ పాటు నేను పెంచిన తోట కథ ఇది.

గెస్టు ఆర్టిస్టులూ, నెల జీతం వాళ్ళూ

పూలమొక్కల్లో రెండు జాతులున్నాయి. ఒక జాతి ఏడాది పూలు - మొలిచి, పూసి, గింజకట్టి ఒక్క సీజన్లో తెర దించేస్తాయి. బంతి, జిన్నియా, బాల్సం, కోడిజుట్టు పువ్వు, బొగడబంతి, చలికాలపు పెటూనియా, ఫ్లాక్సు... ఇవి గెస్టు ఆర్టిస్టులు. రెండు రీళ్ళు కనిపించినా హాలంతా ఈలలు. రెండోజాతి ఏళ్ళ తరబడి ఉండేవి. మల్లె, జాజి, మందారం, నందివర్ధనం, నూరువరహాలు, కనకాంబరం, గులాబి, డిసెంబరాలు. పాత రోజుల్లో స్టూడియోల్లో నెల జీతం మీద ఉండే ఆర్టిస్టుల్లాంటివి. మొదటి ఏడాది పెద్దగా ఏం చెయ్యవు. ఓపిక పడితే తర్వాత కంపెనీని నిలబెడతాయి.

అద్దె ఇంటివాళ్ళకు ఒక పాత సూత్రం ఉంది. నేలలో ఏడాది పూలు, కుండీల్లో ఏళ్ళ పూలు. ఖాళీ చెయ్యమంటే కుండీలు బండికెక్కుతాయి, గింజలు పొట్లంలో చేరతాయి. నేలలో పాతింది మాత్రం ఇంటాయనది. నేనూ ఆ సూత్రమే పాటించాను, ఒక్క మల్లె విషయంలో తప్ప. దాన్ని నేలలో పెట్టమన్నది ఇంటాయనే. "కుండీలో ఏం పూస్తుందమ్మాయ్, గేటు పక్కన పాతెయ్యి. మా ఆవిడ కూడా కోసుకుంటుంది" అన్నారు. ఆయన్ని బాబాయిగారూ అనీ, ఆవిణ్ణి పిన్నిగారూ అనీ పిలుస్తాను. గుండుమల్లె అది. ఎండాకాలం సాయంత్రాలు గేటుకి అటు పిన్నిగారు, ఇటు నేను నిలబడి కోసేవాళ్ళం.

క్రిందటేడు జులైలో బాబాయిగారు పిలిచి కూచోబెట్టారు. ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేశారట. అయిదంతస్తులు లేస్తాయట. వాళ్ళూ మూడేళ్ళ పాటు అద్దె ఇంటికే వెళ్ళాలట.

"డిసెంబరు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలమ్మాయ్. నీకు ముందే చెబుతున్నా" అన్నారు.

"మరి మల్లె?" అంది పక్కనుంచి పిన్నిగారు. ఆయన దగ్గర సమాధానం లేదు.

నాకు మాత్రం ఆరునెలలు టైమున్నందుకు కొంత నయమనిపించింది. ఎందుకంటే మొక్కని తీసుకెళ్ళడం సామాను సర్దినట్టు కాదు. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి, ఒక్కో ఋతువు.

మల్లెకి అంటు తొక్కడం

వానాకాలం దొరకడం అదృష్టం. మల్లెకి అంటు తొక్కడానికి అదే అదను. కిందుగా ఉన్న బలమైన కొమ్మని నేలకి వంచి, ఒక కణుపు దిగువన చాకుతో చిన్న గాటు పెట్టి, ఆ భాగాన్ని బెత్తెడు లోతున మట్టిలో పూడ్చి, పైకి లేవకుండా రాయి పెట్టాలి. కొమ్మ చివర బయటికే ఉండాలి. తల్లి దానికి తిండి పెడుతూనే ఉంటుంది, లోపల అది సొంత వేళ్ళు వేసుకుంటుంది. మూడు, నాలుగు నెలలు పడుతుంది. తడి ఆరకూడదు. వేళ్ళొచ్చాయో లేదో చూద్దామని మధ్యలో పీకి చూడ్డం కూడదు. మా పిన్నిగారు పదిరోజులకోసారి ఆ రాయి ఎత్తబోతూ ఉండేది. "ఒక్కసారి చూస్తానే" అనేది. నేను షూటింగుకి వెళ్ళేటప్పుడు బాబాయిగారికి కాపలా అప్పజెప్పి వెళ్ళేదాన్ని.

నాలుగు కొమ్మలు తొక్కాం. నేలకు అందని కొమ్మలుంటే కుండీనే కొమ్మ దగ్గరికి జరిపి అందులో పూడ్చవచ్చు. నేను రెండిటికి అలాగే చేశాను. విడదీశాక మళ్ళీ వేళ్ళు కదపాల్సిన పని ఉండదు.

మందారం, నందివర్ధనం, నూరువరహాలు ఇంత రాజసం చెయ్యవు. పెన్సిలంత లావు కొమ్మని జానెడు పొడవు కోసి, కింద ఆకులు తీసేసి, సగం దాకా తడి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెడితే వానాకాలంలో చాలావరకు నాటుకుంటాయి. మందారానికి మాత్రం పిండినల్లితో చచ్చే చావు. తెల్లటి దూదిపింజల్లా కొమ్మ చివళ్ళలో చేరి రసం పీల్చేస్తుంది. ముందు నీళ్ళ ధారతో గట్టిగా కడిగి, తర్వాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. వారానికోసారి, మూడు నాలుగు వారాలు. ఒక్కసారి చల్లి 'పోలేదండీ' అనేవాళ్ళతో నేను వాదించను.

కనకాంబరం గింజల తమాషా మాత్రం పిల్లలకి చూపించవలసిందే. ఎండిన కాయ మీద నీళ్ళ చుక్క పడితే టప్పున పేలి గింజలు ఎగిరిపడతాయి. ఇది మన దక్షిణాది మొక్క, మనదీ సింహళందీ. అయితే బజారులో ఎక్కువగా కనబడే 'ఢిల్లీ' రకం గింజ కట్టదు, కొమ్మలతోనే పెంచాలి. పేరుకి ఢిల్లీ గానీ అది అక్కడి పువ్వని అనుకోకండి, ఉత్తరాదిలో దీన్ని జడలో పెట్టుకునేవాళ్ళే తక్కువ.

బంతి రోజుల లెక్క

బంతి మెక్సికో నుంచి వచ్చిన పువ్వంటే మా అమ్మ చచ్చినా నమ్మేది కాదు. బతుకమ్మలో తంగేడు, గునుగుల పక్కన కూచుంటుంది, సంక్రాంతికి గొబ్బెమ్మ మీదెక్కుతుంది, పెళ్ళి గుమ్మానికి వేలాడుతుంది. ఇంతగా కలిసిపోయిన పరాయి ఊరి ఆర్టిస్టు మన ఇండస్ట్రీలో కూడా లేదు! జిన్నియాది కూడా ఆ మెక్సికోయే.

విత్తిన వారానికల్లా బంతి మొలుస్తుంది. మూడు, నాలుగు వారాల నారు తీసి నాటుకోవాలి. విత్తిన దగ్గర్నుంచి సుమారు రెండు నెలలకి పూత. దసరాకి కావాలంటే జులై నెలాఖరులో విత్తాలి. సంక్రాంతికైతే నవంబరు మొదట్లో. మొక్క జానెడు ఎత్తుకి రాగానే నడినెత్తి చిగురు గిల్లెయ్యాలి. చాలామందికి దీనికి చేతులు రావు. 'అయ్యో, పెరిగే మొక్క' అంటారు. గిల్లితేనే పక్క కొమ్మలొస్తాయి, కొమ్మకో పువ్వు. గిల్లకపోతే ఒక్క పువ్వుతో వెదురుకర్రలా నిలబడుతుంది.

గింజలు దాచుకునేవాళ్ళకి ఒక మాట. హైబ్రిడ్ బంతి గింజ తల్లిలాగే పూస్తుందని పూచీ లేదు. ముద్దబంతి గింజ వేస్తే రేకబంతి రావచ్చు. నాటురకాల గింజ నమ్మకమైనది. పువ్వు చెట్టు మీదే ఎండి గోధుమ రంగు తిరిగాక కోసి, నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టాలి. ప్లాస్టిక్ సంచీలో వేస్తే చెమర్చి బూజు పడుతుంది. పొట్లం మీద పేరూ తేదీ రాయండి. బాల్సం కాయలు ముదిరితే ముట్టుకోగానే పగిలి గింజలు చల్లేస్తాయి కనుక కాస్త పచ్చిగా ఉన్నప్పుడే చిన్న గుడ్డసంచీ కట్టాలి.

చంద్రకాంతల గింజలు మిరియాల్లా నల్లగా ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి విచ్చుకునే ఈ పువ్వంటే నాకు పక్షపాతం. ఒకే మొక్క మీద పసుపూ, గులాబీ, రెండూ కలిసిన చారలూ! 1909లో కారెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ మొక్క మీదే ప్రయోగాలు చేసి, ఆకుల మీది తెల్లమచ్చలు పిల్లకి తల్లి నుంచే వస్తాయని, తండ్రికి అందులో వాటా లేదని చూపించాడు. పైన ఎండిపోయినా నేలలో దుంప ఉంటుంది, వాన పడగానే లేస్తుంది. దుంప తవ్వి తీసుకెళ్ళవచ్చు కూడా.

చామంతికి రాత్రి కావాలి

అక్టోబరులో ఒక విచిత్రం జరిగింది. నా దగ్గర పది చామంతి కుండీలున్నాయి. నీళ్ళ ట్యాంకు వెనక ఉన్న నాలిగింటికి మొగ్గలు కనిపించాయి. గేటు వైపు ఉన్న ఆరూ ఆకులతో ఏపుగా పెరుగుతున్నాయే గానీ మొగ్గ ఊసే లేదు. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, పిలకలు కూడా ఒకే తల్లివి.

రెండు రోజులు ఆలోచించాక తలెత్తి చూశాను. గేటు ఎదురుగా వీధిలో కొత్తగా తెల్లటి లైటు పెట్టారు. రాత్రంతా పట్టపగల్లా వెలుగు! చామంతికి పూత పట్టాలంటే పొడవైన చీకటి రాత్రులు కావాలి. అందుకే అది చలికాలంలో పూస్తుంది. అర్ధరాత్రి కొంతసేపు వెలుగు పడినా చాలు, ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకులు పెంచుకుంటూ కూచుంటుంది. పెద్దఎత్తున సాగుచేసే రైతులు దీన్నే ఎదురు తిప్పి, తోటలో బల్బులు వెలిగించి పూతని కావలసినన్నాళ్ళు ఆపుతారు. తర్వాత లైట్లు తీసేసి, పండక్కో పెళ్ళిళ్ళకో అందేలా పూయిస్తారు.

లైటుని ఆర్పించడం నా తరం కాదు. షూటింగుల్లో లైటుకి అడ్డం పెట్టే నల్లగుడ్డ ఉంటుంది. మా లైట్‌మన్ దగ్గర పాతది అడిగి తెచ్చాను. "ఏం అక్కా, ఇంట్లో నైట్ ఎఫెక్టా?" అన్నాడు. నాలుగు కర్రలు పాతి వీధి వైపు ఆ గుడ్డ కట్టేశాను. మూడు వారాలు దాటేసరికి ఆ ఆరింటికీ మొగ్గలొచ్చాయి. మిగతావాటికన్నా నెలన్నర ఆలస్యంగా, మేం ఇల్లు మారాక పూశాయి. మీ ఇంట్లో చామంతి పుయ్యకపోతే ఎరువు కుమ్మరించే ముందు రాత్రి పదింటికి ఒకసారి బయటికెళ్ళి చూడండి. పూత అయ్యాక కొమ్మలు నేలకి బెత్తెడు ఎత్తున కత్తిరిస్తే, మొదట్లోంచి పిలకలొస్తాయి. వచ్చే ఏటికి అవే నారు.

గులాబీల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వాటి మీద పుస్తకాలే ఉన్నాయి. హైదరాబాదులో అక్టోబరులో కత్తిరిస్తే నెలన్నరకి పూత. బయటి వైపు చూస్తున్న కన్నుకి కాస్త పైన ఏటవాలుగా కొయ్యాలి. అంటుకట్టిన చోటుకి దిగువనుంచి వచ్చే కొమ్మ అడవి గులాబీది. ఎంత ముద్దుగా ఎదిగినా పీకెయ్యాలి, లేకపోతే అసలు గులాబీని మింగేస్తుంది. (మా ఫీల్డులో ఇలాంటి కొమ్మలు చాలా చూశాను. పేర్లు వద్దు.)

బిళ్ళగన్నేరుని పోస్టరు మీదికి ఎక్కించిన నిర్మాత నాకింకా తారసపడలేదు. మడగాస్కర్ నుంచి వచ్చి, గోడ పగులులో కూడా ఏడాది పొడుగునా పూసే ఈ మొక్కలోంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీశారు. పిల్లలకొచ్చే రక్త క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్ ముఖ్యమైన మందు. అయితే మొక్క విషపూరితం. ఇంట్లో కషాయాలు పెట్టుకునే సాహసం ఎవరూ చెయ్యకండి.

కొత్త ఇల్లు, సగం ఎండ

దొరికిన ఇల్లు రెండో అంతస్తు. తూర్పు బాల్కనీ, వెడల్పు మూడడుగులు. పదకొండున్నర దాటితే ఎండ రాదు. నవంబరులో రాజమండ్రి వైపు ఔట్‌డోరు పడితే, తిరుగు ప్రయాణంలో కడియంలో దిగాను. జాతీయ రహదారి పక్కన కడియపులంక పూల మార్కెట్టు, ఆ చుట్టుపక్కల కిలోమీటర్ల కొద్దీ నర్సరీలు - పూలపిచ్చి ఉన్నవాళ్ళు పర్సు ఇంట్లో పెట్టి వెళ్ళాల్సిన చోటు. ఒక నర్సరీ పెద్దాయన్ని నా బాల్కనీ గురించి అడిగాను.

"కనకాంబరం పెట్టండమ్మగారూ, సగం నీడన బాగుంటదండీ. డిసెంబరాలు కూడా ఒచ్చేత్తాయండీ. మల్లికి మాత్రం ఆరేడు గంటలు ఎండ కావాలండి, ఆయ్. ఎండ లేపోతే ఆకులే చూసుకోవాలండి" అన్నాడు.

ఆయన ఇంకొకటి చెప్పాడు. నేలలో ఉన్న తల్లిమల్లెని తవ్వాలనుకుంటే నవంబరు చివర నీళ్ళు తగ్గించి, ఆకు రాలాక మోకాలెత్తుకి కత్తిరించి, అప్పుడు మట్టిగడ్డతో సహా ఎత్తమన్నాడు. అసలు మల్లెని ఏటా ఆ రోజుల్లో కత్తిరించాల్సిందే, కొత్త చిగుళ్ళ మీదే కదా మొగ్గలొచ్చేది. కానీ "తొమ్మిదేళ్ళ మొక్కండీ, పూచీ ఇవ్వలేనండీ" అని కూడా అన్నాడు.

డిసెంబరు మూడోవారంలో అంటు కొమ్మలు విడదీశాం. నాలిగింటిలో మూడు వేళ్ళు వేశాయి. ఒకటి కుళ్ళిపోయింది. తల్లిని ఇద్దరు కూలీలు, బాబాయిగారి అబ్బాయి కలిసి అరపూట తవ్వి, గోనెసంచీ చుట్టి ఎత్తారు. దాన్ని పెట్టే కుండీ నాకెక్కడిది? నీళ్ళ డ్రమ్ము సగానికి కోయించి, అడుగున చిల్లులు పెట్టి అందులో నిలబెట్టాం. పిన్నిగారి కొత్త అద్దె ఇల్లు కింది వాటా కనుక అది అక్కడికే వెళ్ళింది. జనవరిలో రెండు చిగుళ్ళు వేసింది. శివరాత్రి నాటికి ఎండిపోయింది. చిన్నవేళ్ళు చాలామటుకు పాత నేలలోనే ఉండిపోయి ఉంటాయి. జనవరిలోనే ఆ జాగాలోకి మిషను దిగింది.

అంటుమొక్కల్లో ఒకటి పిన్నిగారికి, ఒకటి నాకు, మూడోది నల్లగుడ్డ ఇచ్చిన లైట్‌మన్‌కి. వాళ్ళావిడకి పూలంటే ప్రాణమట.

మేడ మీద కుండీలు పెట్టేవాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. తడిమట్టి బరువు తక్కువ అంచనా వెయ్యకండి. 14 అంగుళాల కుండీ నీళ్ళు పోశాక 30 కిలోల పైమాటే. గోడ వారన, దూలం మీదుగా పెట్టండి గానీ బాల్కనీ అంచున వద్దు. కింద ఇటుకలు పెడితే నీళ్ళు నిలవ్వు, శ్లాబు చెమ్మగిల్లదు. మూడోవంతు మట్టి తగ్గించి కొబ్బరిపీచు పొట్టు కలిపితే బరువూ తగ్గుతుంది, తడీ నిలుస్తుంది. రోజూ గడియారం చూసి నీళ్ళు పొయ్యకండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దింపండి, పొడిగా ఉంటేనే పొయ్యండి. వేరుకుళ్ళుతో చచ్చేవే ఎక్కువ, ఎండి చచ్చేవి తక్కువ.

చలికాలపు పూలు నాకు ఆ మూడడుగుల్లో బాగా కలిసొచ్చాయి. పెటూనియా గింజ దుమ్ములా ఉంటుంది, సన్నటి ఇసుకలో కలిపి పైపైన చల్లాలి, మట్టి కప్పకూడదు. సెప్టెంబరు చివర పాత ఇంట్లోనే ట్రేలలో పోసి ఉంచాను గనుక నారు ట్రేలతో సహా ఆటో ఎక్కింది. ఉదయపు ఎండకే ఫిబ్రవరి దాకా ఊదా, తెలుపు, ఎరుపు. మార్చి ఎండలకి వాటి పని అయిపోయింది. ఆ కుండీల్లోనే నాచు గులాబీ తుంపి గుచ్చాను. ఎండెక్కితే విచ్చుకుని, మధ్యాహ్నానికి ముడుచుకునే పువ్వు అది. పొద్దుటి ఎండ చాలు దానికి.

మల్లె సంగతా? ఉగాది వెళ్ళిన వారానికి పిన్నిగారు ఫోను చేసింది. "పదకొండు పూశాయే" అంది. మర్నాడు "పధ్నాలుగు." ఆవిడది దక్షిణపు వాకిలి, పగలంతా ఎండ. లైట్‌మన్ ఇంట్లో కూడా మొగ్గ తొడిగిందని ఫోటో పంపాడు. నా బాల్కనీలో ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. కడియం పెద్దాయన చెప్పనే చెప్పాడు కదా. అసోసియేషను సెక్రటరీ గారితో మూడుసార్లు మాట్లాడి, ఇటుకల మీద పెడతానని, రోజూ తుడుస్తానని ఒప్పుకుని, మొన్న ఆదివారం వాచ్‌మన్ సాయంతో కుండీని టెర్రసు మీదికి ఎక్కించాను. లిఫ్టు ఉందిలెండి. అక్కడ నీళ్ళ ట్యాంకు పక్కన పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండ తగులుతుంది.